ధర కంటే ముందు అడగవలసిన మాటలు

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్న ఇంట్లో పుట్టిన నేను, బేరమంటే గొంతు పెంచి మాట్లాడటమేనని చాలాకాలం అనుకున్నాను. మా నాయనకు ఆ గొంతు లేదు. వ్యాపారి ఒక ధర చెబితే "ఇంకొక ఐదు వందలు చూడండి" అని మెల్లగా అడిగేవాడు; ఆ ఐదు వందలు దొరికిన రోజు ఇంటిల్లిపాదీ సంతోషించేవాళ్లం.

ఒక కత్తెర కాపుకు ఇద్దరు వ్యాపారులు తోట చూసిపోయారు. ఒకతను టన్నుకు 20,000 రూపాయలు ఇస్తానన్నాడు, మరొకతను 19,000 దాటనన్నాడు. నాయన మొదటి అతని దగ్గర బయానా తీసుకోబోతుండగా, తరుగు, అంటే తూకంలోంచి కొట్టేసే బరువు, ఎంత తీస్తారని నేను అడిగాను. టన్నుకు 100 కిలోలన్నాడు. అంటే డబ్బు వచ్చేది 900 కిలోలకే, 18,000 రూపాయలు. రెండవ అతను తీసే తరుగు 30 కిలోలు కనుక 970 కిలోలకు లెక్కగడితే 18,430 రూపాయలు వచ్చింది. పైగా కోత కూలి తానే భరించి, కాంటా అయిన రోజే డబ్బులిస్తానన్నాడు. మొదటి అతను ఇరవై రోజుల గడువు అడుగుతున్నాడు. వినడానికి వెయ్యి రూపాయలు ఎక్కువగా ఉన్న బేరమే మాకు నష్టపు బేరం!

అప్పటి నుంచి మా ఇంట్లో ధర సంగతి చివరన మాట్లాడతాం. తరుగెంత, కాంటా ఎక్కడ, చిన్న కాయ ఎవరిది, డబ్బు ఏ రోజు అన్నవి తేలిన తరువాతే ఆ మాట. ముందురోజే బాటసింగారం పండ్ల మార్కెట్లో పలికిన ధర, అక్కడికి లారీ కిరాయి కనుక్కుని పెట్టుకుంటాం. బేరం కుదరకపోతే కాయను మనమే తీసుకుపోయి అమ్మితే ఎంత మిగులుతుందో తెలిసిన మనిషికి మాట తడబడదు. నాయన గొంతు ఇప్పటికీ మెత్తనే, కానీ "ఈ ధరకు కుదరదు" అని నిలకడగా అంటున్నాడు.

ఈ లెక్కతోనే, సాయంత్రం రోడ్డు పక్కన ఆకుకూరలు అమ్మే అవ్వ దగ్గర బేరం చేయడం మానుకున్నాను. చీకటిపడితే వాడిపోయే సరుకు ముందు పెట్టుకున్న మనిషికి వేరే దారి ఏముంటుంది? అడగవలసిన చోటు పెద్ద దుకాణం. పెట్టె మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరను మించి అమ్మకూడదు కానీ, తక్కువకు అమ్మడానికి ఏ అడ్డూ లేదు. ఫ్రిజ్ కొనేటప్పుడు ధర తగ్గించమని అడగడానికి మనలో చాలామంది మొహమాటపడతారు.

మా అమ్మమ్మ ఊరు పాలమూరు వైపు. చిన్నప్పుడు తాత వెంట పశువుల సంతకు పోయినప్పుడు, ఎడ్ల పండ్లు చూసి, నడక చూసి, ఆపైన తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకోవడం విచిత్రంగా కనిపించేది. చుట్టూ ఉన్న వాళ్లకు అంకె తెలియకపోతే ఎవరు ఒక మెట్టు దిగినా చిన్నతనం కాదని ఇప్పుడు తోస్తుంది. నలుగురి ముందు అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే.

మా చిన్నాయనతో గెట్టు తగాదా ఎనిమిదేళ్లు సాగడానికి కారణం కూడా అదే. ఊరి పంచాయితీలో రెండు వైపులా "గుంట కూడా వదలం" అని గట్టిగా అన్నాం. చివరకు, కోర్టు కేసులను రాజీతో తేల్చే లోక్ అదాలత్‌లో విడిగా కూర్చున్నప్పుడు, ఆ భూమి ఎందుకు కావాలని నేను చిన్నాయనను మొదటిసారి అడిగాను. ఆయనకు కావలసింది భూమి కాదు, తన బోరు దగ్గరికి బండి పోయే బాట! మా గెట్టు వెంట పన్నెండు అడుగుల బాటకు ఒప్పుకున్నాం, ఆయన దావా వదులుకున్నాడు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడి రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. ఎనిమిదేళ్లలో మేము వకీళ్లకు ఇచ్చింది మాత్రం రాలేదు.

ఈ ఏడాది కాయ లారీ తోటలోకి ఆ బాట మీదుగానే వచ్చింది. కాంటా దగ్గర నాయన పక్కన చిన్నాయన కూడా నిలబడ్డాడు.