ఇస్త్రీ గదిలో తెల్లవారుజాము

జూన్ నెలలో కువైట్‌లో ఫజర్ అజాన్, అంటే తెల్లవారుజాము నమాజు పిలుపు, మూడుంపావుకే వినిపిస్తుంది. జనవరిలో అయితే ఐదు దాటాక. నేను లేచేదీ ఆ పిలుపుకే, ఎందుకంటే నేను చూసుకునే ముసలామె నమాజుకు లేస్తుంది. ఆమెను పట్టుకుని నడిపించి, నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడిగే వజూ చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనున్న ఇస్త్రీ గదిలోకి వచ్చి తలుపు మూసుకుంటాను. ఆమె నమాజు ముగిసేదాకా పది పదిహేను నిమిషాలు నావి. ఇస్త్రీ బల్ల మీద బైబిలు తెరిచి మోకాళ్లు వేస్తాను. జూన్‌లో అయితే అప్పటికి టంగుటూరు పక్కన మా ఊళ్లో ఆరు కావస్తుంటుంది. మా అమ్మ వాకిలి ఊడ్చుకుని తన ప్రార్థనకు కూర్చునే వేళ.

ఈ పది నిమిషాలు దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మా ఊళ్లో ప్రార్థన అంటే నలుగురితో కలిసి చేసేది. రాత్రి చాప పరుచుకుని కుటుంబ ప్రార్థన, ఆదివారం మందిరం. పొగాకు గ్రేడింగుకు పోయినా ఆకు వేరుచేస్తూ ఆడవాళ్లం పాటలు పాడుకునేవాళ్లం. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకునేవారు. ఒంటరిగా దేవునితో మాట్లాడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. వరసగా రెండేళ్లు పొగాకుకు ధర రాక, ఆకు కాల్చే బ్యారన్ కౌలు బాకీ పడి, వడ్డీ మీద వడ్డీ పెరిగాక, ఇంటిపని వీసా మీద ఇక్కడికి వచ్చాను.

మొదటి ఇంట్లో సెలవనే మాటే లేదు. ఇంట్లో పనిచేసేవాళ్ల కోసం కువైట్‌లో 2015లోనే చట్టం చేశారు. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. రాత్రి పన్నెండుకు నడుం వాలిస్తే ప్రార్థన మొదటి మాట దగ్గరే నిద్ర. నిద్ర పట్టని రాత్రి నోటికొచ్చేది ఒకటే: ప్రభువా, అప్పు తీర్చు, నన్ను ఇంటికి పంపు. రోజూ అదే మాట చెప్పి, ఏదో పని ముగించినట్టు కళ్లు మూసుకునేదాన్ని. ఏడ్చేదాన్ని కూడా. దేవుడు నాతో ఉన్నాడన్న ఆదరణ మాత్రం దొరికేది కాదు.

రెండో ఇంటికి మారాక శుక్రవారం సెలవు దొరికింది. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. అందుకే ఆరాధన కూడా శుక్రవారమే. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణకు వెళ్తే ఒక హాల్లో ఒక భాష, పక్క హాల్లో ఇంకో భాష. తెలుగు పాట చెవిన పడిన మొదటి రోజు నేను లోపలికి పోలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. కావలి నుంచి వచ్చిన ఒక అక్క నన్ను చేయి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. తర్వాతి వారాల్లో నా గోడంతా ఆమెకు చెప్పుకున్నాను.

"రోజుకు ఎన్ని బట్టలు ఇస్త్రీ చేస్తావు?" అని అడిగింది.

"ముప్పై, నలభై ఉంటాయక్కా."

"ఏ బట్ట ఎవరిదో నీకు తెలుసు గదా. ఇస్త్రీపెట్టె ఆ బట్ట మీద ఉన్నంతసేపూ వాళ్ల కోసం అడుగు. నీ సంగతి ఆఖర్న చెప్పుకో."

నాకు కోపం వచ్చింది. నా పిల్ల ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే, వీళ్ల పిల్లల యూనిఫాం మీద చేయి పెట్టి వీళ్ల కోసం అడగాలా? వారం రోజులు అక్కతో ఫోన్‌లో కూడా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు చిన్నపిల్లవాడి చొక్కా తీస్తే జేబులో నలిగిన కాగితం ఉంది. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన కాగితం, అమ్మకు చూపించకుండా దాచుకున్నాడు. ఆ చొక్కా మీదే మొదటిసారి అడిగాను. వాడి కోసం నోరు తెరిచాను గానీ నా బిడ్డ కూడా ఆ మాటల్లోకే వచ్చేసింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆ రోజు నా ప్రార్థన ఎవరో వింటున్నట్టు అనిపించింది.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా వైపు గొప్పగా చెప్పుకుంటారు. చిన్నప్పుడు నాకూ ఆ అంకె మీదే ధ్యాస. ఇప్పుడు మాత్రం కొండ మీది ప్రార్థనకూ క్లౌ దొర రాకకూ మధ్య గడిచిన 12 ఏళ్లే గుర్తుకొస్తాయి. జవాబు కనపడని పొద్దుల్లో వాళ్లు ఏమని మోకాళ్లు వేసి ఉంటారు? దానియేలు కూడా పరాయి దేశంలో పరాయివాళ్ల కొలువులో ఉండి, యెరూషలేము వైపు కిటికీలు తెరుచుకుని రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు. నా గదికి కిటికీ లేదు. మా ఊరు తూర్పునే కాబట్టి బల్లను అటువైపు జరిపి పెట్టుకున్నాను.

అప్పు ఇంకా కొంత ఉంది. నెల నెలా పంపుతున్నాను.

పోయిన చలికాలం ముసలామెకు మోకాళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేకపోయింది. ఒక పొద్దున నేను ఇస్త్రీ గదిలోంచి వస్తుంటే దగ్గరికి పిలిచి, "లోపల నీ దేవుడికి నా మోకాళ్ల సంగతి చెప్పావా?" అని అడిగింది.

"రోజూ చెబుతున్నాను మామా" అన్నాను. మామా అంటే ఇక్కడ అమ్మా అని పిలవడమే. ఆమె నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ శుక్రవారం అమ్మకు ఫోన్‌లో ఈ మాట చెప్పాను. అమ్మ ఆమె పేరు అడిగి రెండుసార్లు పలికి చూసుకుంది, నోరు తిరగలేదు. ఇప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో "కువైట్ అవ్వ మోకాళ్లు బాగుచేయి ప్రభువా" అని అమ్మ అడుగుతుంటే నా కూతురు ఆమేన్ అంటోందట.