రోజుకు నాలుగుసార్లు

పొద్దున్నుంచి అమెరికా పరుగుల క్రీడాకారిణి విల్మా రుడాల్ఫే మనసులో మెదులుతోంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు, 4×100 రిలే మూడింటా బంగారు పతకాలు గెలిచింది. 100 మీటర్లను 11 సెకన్లలో ముగించినా, వెనకగాలి ఎక్కువగా ఉందని దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. ఇవి అందరూ చెప్పుకునేవే. నా ధ్యాస మాత్రం ఆమె తల్లి బ్లాంచ్ మీదికే పోతోంది.

22 మంది సంతానంలో విల్మా ఇరవయ్యో బిడ్డ. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. సొంత ఊరు క్లార్క్స్‌విల్‌లో నల్లజాతివారికి అలాంటి వైద్యం అందేది కాదు. ఇళ్లలో పనిచేసే ఆ తల్లి వారం వారం బిడ్డను వెంటబెట్టుకుని, బస్సులో నల్లవారికి కేటాయించిన వెనక సీట్లలో కూర్చుని, సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని నాష్‌విల్‌కు వెళ్లేది. కాలికి మర్దన ఎలా చేయాలో అక్కడ నేర్చుకుని పెద్దపిల్లలకూ నేర్పింది. రోజుకు నాలుగుసార్లు, ఒకరు కాకపోతే ఒకరు చేసేవారు.

మా చెల్లెలి కొడుకు పాదం పుట్టుకతోనే లోపలికి వంకర. కట్లతో సరైంది కానీ, రాత్రిళ్లు కడ్డీతో కలిపిన బూట్లు వేయాలి. ఈరోజు వాణ్ణి అమలాపురం నుంచి కాకినాడకు నేనే చూపించడానికి తీసుకెళ్లాను. ఎదుర్లంక వారధి మీద బస్సు వెళ్తుంటే, "పెద్దమ్మా, పడవ!" అంటూ కిటికీ వదల్లేదు. రాత్రి బూట్లు తొడిగేటప్పుడే గొడవంతా. మడమ బూటు అడుగుకు ఆనాలి, మధ్య పట్టీ బిగుతుగా ఉండాలి. లేకపోతే పాదం జారిపోతుంది. వాడి ఏడుపు చూడలేక నాన్నగారు, "ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అమ్మా" అంటారు. మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుందని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. అందుకే ఈ రాత్రి బూట్లు తొడుగుతూ నాన్నగారికి బ్లాంచ్ సంగతి చెప్పాను.

పతకాలతో తిరిగొచ్చిన విల్మాకు ఊరేగింపు చేస్తామన్నారు. తెల్లవారూ నల్లవారూ వేరువేరుగా ఉండే వేడుకైతే తాను రానని ఆమె ఖండితంగా చెప్పేసింది. అలా ఆ ఊరేగింపు, ఆ రాత్రి విందు క్లార్క్స్‌విల్‌లో అందరూ కలిసి జరుపుకున్న మొదటి వేడుకలయ్యాయి. అప్పటికి విల్మాకు 20 ఏళ్లు. వెనక సీట్లలో తల్లి పక్కన కూర్చుని పెరిగిన పిల్ల పెట్టిన షరతు అది. నాకు ఆ మూడు పతకాలకన్నా ఇదే పెద్దది.