నాయన కోసం వీడియో

ఆదివారమైనా ఐదున్నరకే లేచాను. బెంగళూరు మారతహళ్లిలో హారన్లు మొదలైతే ఇక గొంతు వినపడదు. కదిరిలో నాయన తన చిన్ననాటి సంగతులు తెలుగులో టైప్ చేసుకోవాలని ఎదురుచూస్తున్నాడు. ఫోన్లో వారం నుంచి చెబుతున్నా ఎక్కడో ఒక చోట తప్పిపోతోంది. వీడియో అయితే ఆపుకుంటూ చూసుకోవచ్చు కదా అనిపించింది.

విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు వస్తుంది. నాయన లాప్‌టాప్‌లో దసరాకి వెళ్లినప్పుడే పెట్టొచ్చాను. తెర మీద జరిగేది రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. ఉచితం, వాటర్‌మార్క్ పడదు.

మొదటిసారి 11 నిమిషాలు చెప్పాను. తిప్పి చూస్తే బొమ్మ ఉంది, మాట లేదు. ఓబీఎస్‌లో శబ్దం చూపించే మిక్సర్‌లో మైక్ దగ్గర ఆకుపచ్చ గీత కదులుతోందో లేదో చూసుకోలేదు. ప్రాణం ఉసూరుమంది. మళ్లీ చేసి పంపాను. అరగంటకి నాయన ఫోన్.

"నువ్వు యాడ నొక్కినావో కనపల్యా అమ్మా. అక్షరం మాత్రం టక్కున వచ్చేసింది."

నిజమే. స్క్రీన్ రికార్డింగ్‌లో మౌస్ బాణం కనిపిస్తుంది గానీ వేళ్లు కనిపించవు. నాయనకి కావలసింది వేళ్లే.

మూడోసారి విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కి తెర మీద కీబోర్డు తెరిచాను. మామూలు కీబోర్డు మీద ఏది నొక్కితే అక్కడ అది వెలుగుతుంది. ఆయన చూసేది ఫోన్లో కాబట్టి అక్షరాల సైజు బాగా పెంచాను. ఏ అని నొక్కి ఆగాను. ఎం. ఆగాను. మళ్లీ ఎం. ఆగాను. ఏ. 'అమ్మ' అని వచ్చింది. బడిలో పాఠం చెప్పేటప్పుడు నాయన బోర్డు మీద ఒక అక్షరం రాసి, చివరి బెంచీలో పిల్లవాడి పలక మీద కూడా అది పడేదాకా సుద్దముక్క పట్టుకుని నిలబడేవాడు. నేను ఆ బడిలోనే చదివాను. ఈ రోజు మీటకీ మీటకీ మధ్య నేనూ అంతసేపు ఆగాను.

సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో పాడైపోయిన నా లాప్‌టాప్ అప్పటికప్పుడే ఆరిపోయింది. వీడియో ఎంకేవీ అనే రకం ఫైలుగా సేవ్ అయ్యేలా పెట్టాను కాబట్టి అంతవరకు చెప్పింది పోలేదు. మామూలు ఎంపీ4 ఫైలు అయితే మొత్తం పాడయ్యేదే. కరెంటొచ్చాక మిగతాది చెప్పి, రెండూ ఎంపీ4లోకి మార్చి వాట్సాప్‌లో పంపాను.

రాత్రి ఏడున్నరకి లాప్‌టాప్ తెర ఫోటో తీసి పంపాడు నాయన. 'మా బడికి తలుపు లేదు. పిలలందరం చింతచెట్టు కింద కూర్చునేవాళ్లం.'

ఎన్నిసార్లు చదువుకున్నానో. 'పిల్లలు'లో ఒత్తు పడలేదు. రేపు ఆఫీసుకి వెళ్లేలోపు ఒత్తుల మీద ఇంకో రెండు నిమిషాల వీడియో చేయాలి.