మేడ మీద ఇనుప చట్రానికి జింకు పూత: నా అనుభవం

విశాఖలో మా ఇంటికీ సముద్రానికీ మధ్య కిలోమీటరు దూరం కూడా లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకుకు మొదటిసారి స్టాండు చేయించినప్పుడు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) యాంగిళ్ళు వాడాం. కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, పైన రెండు కోటింగుల ఎనామెల్ వేయించాం. నాలుగేళ్ళు తిరిగేసరికి కాళ్ళ అడుగున ఇనుము పొరలు పొరలుగా విచ్చుకుంది. వేలితో గీకితే అప్పడంలా విరిగి రాలింది. అందుకే సోలార్ పలకలకు చట్రం కావలసి వచ్చినప్పుడు, ఖర్చు ఎక్కువైనా గాల్వనైజ్డ్ ఇనుమే, అంటే జింకు పూత వేసిన ఇనుమే వాడాలని గట్టిగా నిర్ణయించుకున్నాను.

ఫ్యాబ్రికేషన్ మేస్త్రీ మొదట ఒక సలహా ఇచ్చారు. "బజారులో జీఐ పైపులు, జింకు పూత ముందే ఉన్నవి, దొరుకుతాయి బాబూ, తెచ్చి ఇక్కడే కోసి వెల్డింగ్ చేసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కోసిన అంచున జింకు ఉండదు. వెల్డింగ్ చేసిన చోట అసలే మిగలదు: జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, ఆర్కు వేడి దానికి ఎన్నో రెట్లు. చట్రం అంతా ముందు మామూలు ఇనుముతో కోసి, రంధ్రాలు వేసి, వెల్డింగ్ ముగించి, ఆ తరువాతే కరిగిన జింకులో ముంచాలన్నది నా పట్టుదల. మేడ మీదికి వచ్చాక బోల్టులు బిగించడం తప్ప వేరే పని ఉండకూడదు.

పది రోజుల్లో చట్రం ముక్కలు తయారయ్యాయి. మేస్త్రీ పనితనం చూడముచ్చటగా ఉంది. నాలుగు బాక్సు పైపు కాళ్ళకూ రెండు చివర్లా ప్లేట్లు పెట్టి, చుక్క నీరు లోపలికి పోకుండా వెల్డింగ్‌తో మూసేశారు. జింకులో ముంచే ప్లాంటుకు తీసుకెళ్తే, అక్కడి సూపర్వైజరు ఒక కాలిని చేత్తో తడిమి చూసి పక్కన పెట్టేశారు. "రంధ్రాలేవి? దీన్ని ఇలాగే ముంచితే పేలుతుంది" అన్నారు. జింకు తొట్టి దాదాపు 450 డిగ్రీల వేడి మీద ఉంటుంది. మూసుకుపోయిన పైపులో చిక్కిన గాలి, తేమ ఆ వేడికి ఒక్కసారిగా వ్యాకోచించి లోహాన్ని చీలుస్తాయి. కరిగిన జింకు పక్కన నిలబడి పని చేసేవాళ్ళ ప్రాణాలకు అది ముప్పు. ఆ మాట విన్నాక నా చేతులు చల్లబడ్డాయి. నేనెంత చదివి వెళ్ళినా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. ప్రతి కాలికీ రెండు చివర్లా, ఎదురెదురు మూలల్లో రంధ్రాలు వేయించి మళ్ళీ తీసుకెళ్ళాం. గాలి పైనుంచి పోతుంది, జింకు కిందనుంచి లోపలికి చేరి, ఎత్తినప్పుడు అటే కారిపోతుంది. అలా పైపు లోపలి గోడలకు కూడా పూత పడుతుంది. బయటనుంచి రంగు వేసేవాళ్ళకు ఎన్నటికీ అందని చోటు అది.

చట్రం తిరిగి వచ్చినప్పుడు మందం కొలిచే మీటరు పెట్టి చూపించమన్నాను. 92, 88, 104 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆరు మిల్లీమీటర్లు మించిన ఇనుముకు ఇలాంటి జింకు పూతలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1461 ప్రకారం సగటున కనీసం 85 ఉండాలి. సరిపోయింది.

లారీలో టార్పాలిన్ కింద రాత్రంతా వానకు తడుస్తూ, ఒకదాని మీద ఒకటి అతుక్కుని వచ్చిన యాంగిళ్ళ మీద సుద్ద పూసినట్టు తెల్లటి పొడి లేచింది. అది తెల్ల తుప్పు. గాలి ఆడకుండా తడి నిలిస్తే కొత్త జింకు అలా చెడుతుంది. పైపైనే ఉంది కాబట్టి నైలాను బ్రష్షుతో, మంచినీళ్ళతో కడిగి, మధ్యలో చెక్కలు పెట్టి ఏటవాలుగా నిలబెట్టాం. ఇనుప తీగల బ్రష్షు వద్దన్నాను, అది మంచి పూతను కూడా గీకేస్తుంది.

ఇంత చేసినా ఒక కొలత తప్పింది. పిట్టగోడ వైపు ఒక బ్రాకెట్‌ను అక్కడికక్కడే వెల్డింగ్ చేయక తప్పలేదు. అతికే చోట జింకును ముందే గ్రైండరుతో తీసేయించాను. లేకపోతే లేచే తెల్ల పొగ పీల్చినవాళ్ళకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే ఏమీ కాదని వెల్డర్లు నమ్ముతారు గాని, పాలు ఊపిరితిత్తుల్లోకి పొగ పోకుండా ఆపలేవు. పొగ ముఖం మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడమని, మాస్కు తీయవద్దని పదే పదే చెప్పాను.

వెల్డింగ్ చల్లారాక మేస్త్రీ సిల్వర్ పెయింటు డబ్బా తీశారు. మెరుపు ఒకలాగే కనిపిస్తుంది గాని అందులో ఉండేది అల్యూమినియం పొడి. కావలసింది జింకు ఎక్కువగా ఉన్న పెయింటు. రెండు డబ్బాలూ చెరో చేత్తో ఎత్తితే తేడా తెలిసిపోతుంది: జింకు డబ్బా రాయిలా బరువు. బరువంతా అడుగున పేరుకుని ఉంటుంది కాబట్టి కర్రతో అడుగంటా కలిపి, మధ్యమధ్యలో మళ్ళీ కలుపుతూ వేయాలి. వెల్డింగ్ మీద గట్టిపడిన స్లాగు పెంకు రాలగొట్టి, లోహం తెల్లగా మెరిసేదాకా రుద్ది, చుట్టూ ఉన్న మంచి పూత మీదికి కూడా కొంత వచ్చేలా మూడు కోటింగులు నేనే వేశాను. మీటరు 110 చూపించాక బ్రష్షు కింద పెట్టాను.

బోల్టుల దగ్గర కూడా పట్టుబట్టాను. దుకాణాల్లో తళతళలాడే బోల్టుల మీద ఉండేది కొన్ని మైక్రాన్ల పూతే. జింకులో ముంచిన బోల్టులు మసకగా, గరుకుగా ఉంటాయి. వాటి నట్ల మరను కాస్త వదులుగా కోస్తారు కాబట్టి బోల్టును, నట్టును జతగానే కొనాలి.

రెండు వానకాలాలు గడిచాయి. పలకల అడుగున వాన తగలదు, అక్కడ ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి రెండు బకెట్ల మంచినీళ్ళతో అక్కడే కడుగుతాను. మొన్న కడుగుతూ ఆ బ్రాకెట్ దగ్గర వేలితో తుడిచి చూశాను. మిగతా చట్రం కంటే కొంచెం ముదురు బూడిద రంగులో ఉంది. వేలికి ఎరుపు అంటలేదు.