మూడో నంబరు సీటు

సర్వర్‌గా చేరిన మొదటి వారం నా చేతికి ఎవరూ ట్రే ఇవ్వలేదు. గ్లాసులు తుడవడం, నాప్కిన్లు మడవడం, టేబుల్ నంబర్లు బట్టీ పట్టడం, ఇదే పని. లోపల చిరాకుగా ఉండేది. ట్రే పట్టాక అర్థమైంది, అంత తొందర పడాల్సింది కాదని.

ముందు ఖాళీ ట్రేతో, తర్వాత నీళ్లు నింపిన గ్లాసులతో ప్రాక్టీస్ చేయించారు. వేళ్లు విప్పి పట్టుకోవాలి. బరువైనవి మధ్యలో, పొడుగు గ్లాసులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఎత్తడం రెండు రోజుల్లో వచ్చేసింది. దించడానికే నెల పట్టింది. ఒక పక్క నుంచి రెండు గ్లాసులు తీస్తే చాలు, ట్రే రెండో పక్కకి ఒరిగిపోతుంది. తీసిన ప్రతిసారీ కింద చెయ్యి కాస్త జరుపుకోవాలి. ఒకరోజు ఒక పెద్దాయన నాకు సాయం చేద్దామని తనే ట్రే మీంచి గ్లాసు తీసుకున్నారు. నా చెయ్యి ఇంకా జరగలేదు. మిగిలిన నీళ్లన్నీ ఆయన ఒళ్లోనే. అప్పట్నుంచి టేబుల్ దగ్గరికి రాగానే "నేనే అందిస్తానండీ" అని ముందే చెబుతున్నాను.

కాళ్ల నొప్పుల గురించి పెద్దగా చెప్పను. మంచి బూట్లు కొనుక్కోండి, చవకవి వద్దు.

అన్నిటికన్నా ఆలస్యంగా వంటబట్టింది సీటు నంబర్లు. మా దగ్గర ప్రతి టేబుల్‌కీ తలుపు వైపున్న కుర్చీ ఒకటో నంబరు. అక్కణ్నుంచి గడియారం ముల్లు తిరిగే వైపే లెక్క. వంటింటికి పంపే ఆర్డరు చీటీలో, అంటే కేఓటీలో, ఏ వంటకం ఏ సీటుకో రాస్తాం కాబట్టి, ఎవరు ప్లేటు తెచ్చినా "ఇది ఎవరిదండీ?" అని అడగక్కర్లేదు.

రెండో నెలలో ఆరుగురున్న కుటుంబం వచ్చింది. మూడో సీటులో ఉన్న బాబుకి పల్లీలు పడవని వాళ్లమ్మ చెప్పారు. రాసుకున్నాను, వంటింట్లోనూ చెప్పాను. నేను వేరే టేబుల్ దగ్గర ఉండగా బాబు లేచి వాళ్ల నానమ్మ పక్కకి మారిపోయాడు. నాతో పనిచేసే అబ్బాయి నంబర్ల ప్రకారం ప్లేట్లు పెట్టేశాడు. పల్లీల పొడి చల్లిన ప్లేటు బాబు ముందుకి వెళ్లింది. వాసన పట్టి వాళ్లమ్మే పక్కకి లాగేశారు. వాడు ఇంకా ముట్టుకోలేదు.

ఆ అబ్బాయి తప్పేం లేదు. సీట్లు మారాయో లేదో చూసుకోవాల్సింది నేను.

మా సర్వర్ల పని చూసుకునే కెప్టెన్ అన్న నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి పక్కన నిలబెట్టాడు. పైన చల్లిన పొడి తీసేస్తే సరిపోతుందేమో అనుకున్నాను. చెఫ్ ఆ ప్లేటు మొత్తం పారేశాడు. చేతులు కడుక్కుని, బల్ల తుడిచి, కడిగిన గిన్నె, వేరే గరిటె తీసుకుని మొదట్నుంచీ వండాడు. "కొంతమందికి చిన్న పలుకు చాలు, నిమిషాల్లో గొంతు వాచి ఊపిరాడదు" అన్నాడు అన్న. నా చేతులు అప్పుడు వణికాయి, ట్రే ఒలికినప్పుడు కాదు.

ఆ రాత్రి కూర్చుని మెనూ మొత్తం చెఫ్‌ని అడిగి రాసుకున్నాను. పల్లీలు, జీడిపప్పు-బాదం లాంటివి, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతలు, గోధుమ, సోయా, నువ్వులు, ఏది ఎందులో ఉందో అన్నీ. తెలియనిది ఎవరైనా అడిగితే "ఉండకపోవచ్చు" అనను, లోపలికెళ్లి కనుక్కుని వస్తాను.

ఇప్పుడు అలర్జీ ఉన్నవాళ్ల సీటు నంబరు చుట్టూ సున్నా చుడతాను. ఆ ప్లేటు నేనే తెస్తాను, వేరే ప్లేట్లతో కలపకుండా. పెట్టేముందు మనిషి ముఖం చూస్తాను, కుర్చీని కాదు. "అమ్మా, ఇది బాబుది, పల్లీలు లేకుండా విడిగా చేయించాం" అని చెప్పి, ఆవిడ తలూపాకే ప్లేటు మీంచి చెయ్యి తీస్తాను.