రాగ్-1 లేని ఎలుక

ఈ వారం ల్యాబ్‌లో రాగ్-1 జన్యువు తీసేసిన ఎలుక థైమస్‌ను (రోగనిరోధక టీ కణాలు ఎదిగే అవయవం) మొదటిసారి దగ్గరగా చూశాను. చదువుకున్న విషయమే. అయినా కళ్లారా చూస్తే మనసు అదోలా అయిపోయింది. మామూలు ఎలుకలో గుండె పైన తెల్లగా, నిండుగా కనిపించే థైమస్ ఇందులో చాలా చిన్నగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న థైమస్‌లో సీడీ4, సీడీ8 అనే గుర్తు ప్రొటీన్లు రెండూ ఉన్న, ఇంకా ఎదుగుతున్న టీ కణాలే 80 శాతం దాకా ఉంటాయి. ఇక్కడ, కణాల్ని రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ స్క్రీన్ మీద ఆ చోటంతా ఖాళీ.

క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలైన టీ, బీ కణాలు ఎదిగేటప్పుడు తమ డీఎన్ఏనే ముక్కలుగా కోసి, కొత్త వరుసలో అతికించుకుంటాయి. లెక్కలేనన్ని క్రిముల్ని గుర్తుపట్టే శక్తి వాటికి అలాగే వస్తుంది. ఆ కోత కోసేవి రాగ్-1, రాగ్-2 జన్యువుల నుంచి వచ్చే రాగ్ ప్రొటీన్లు. అవి లేకపోతే కణం తొలి దశలోనే ఆగిపోతుంది. 1992లో ఇలాంటి ఎలుకల్ని మొదటిసారి తయారుచేసినప్పుడు తేలింది ఇదే: పూర్తిగా ఎదిగిన టీ కణాలూ లేవు, బీ కణాలూ లేవు. ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే మరో రకం రక్షణ కణాలు మాత్రం ఉంటాయి, వాటికి ఈ కోతతో పనిలేదు.

ఇవే జన్యువులు దెబ్బతిని పుట్టే పసిపిల్లలూ ఉన్నారు. వాళ్లకు చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మూలకణ మార్పిడే వాళ్లకు ఆశ. అందుకే ఈ ఎలుకలంటే నాకు ఎంతో గౌరవం. బోను, మేత, నీళ్లు అన్నీ స్టెరిలైజ్ చేశాకే లోపలికి పంపుతాం. ఆ పని ఎప్పుడూ విసుగనిపించదు.

తర్వాత వీటికి మామూలు ఎలుక నుంచి తీసిన, మూలకణాలున్న ఎముక మజ్జ ఎక్కించబోతున్నాం. థైమస్ ఎంత త్వరగా నిండుతుందో చూడాలని ఆత్రంగా, కొంచెం టెన్షన్‌గా ఉంది.