ఇల్లు కట్టే చోట పిల్లలు

పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఇల్లు మొదలుపెట్టవద్దని మాకు చెప్పనివాళ్లు లేరు. మొదలుపెట్టాక, అది పూర్తయ్యేదాకా ఊళ్ల ప్రయాణాలు మానుకోమని చెప్పినవాళ్లూ ఉన్నారు. మేము రెండు పనులూ చేస్తున్నాము. తార్నాకలో అద్దె ఇల్లు, ఘట్‌కేసర్ దాటాక 200 గజాల స్థలం, రాజమండ్రిలో నా పుట్టిల్లు, ఖమ్మంలో అత్తగారిల్లు: ఈ నాలుగు చోట్ల మధ్య ఆరేళ్ల అమ్మాయిని, మూడేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని తిరుగుతూనే కట్టుబడి సాగిస్తున్నాము. పిల్లల ముచ్చట దేనినీ "ఇల్లు అయ్యాక చూద్దాం" అని వాయిదా వేయకూడదని నేనూ మా వారూ మొదట్లోనే అనుకున్నాము. ఇల్లు ఎప్పటికి అవుతుందో మేస్త్రీ కూడా కచ్చితంగా చెప్పలేడు. మూడేళ్ల పిల్లవాడు మాత్రం అప్పటిదాకా మూడేళ్ల దగ్గర ఆగడు.

అనుమతి సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2020లో టీఎస్ బీపాస్ అనే తెలంగాణ ప్రభుత్వ ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంతో మొదలైన పద్ధతి ప్రకారం, 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. మాది జీ ప్లస్ వన్ కాబట్టి ఆ కోవలోకే వచ్చింది. ముగ్గు పోయడం, బోరు, పునాదులు, ప్లింత్ బీమ్, ఇవన్నీ ఎవరింటికైనా జరిగినట్టే జరిగాయి. ఆ పనుల మధ్య పిల్లలను ఎక్కడ ఉంచాలి, వాళ్ల పూటలు ఎలా గడవాలి అనేదే మాకు అసలు పని అయింది.

శని, ఆదివారాల్లో ఉదయాన్నే టిఫిన్ డబ్బాల్లో సర్దుకుని బయలుదేరుతాము. ఉప్పల్ దాటాక నారపల్లి వైపు రోడ్డు మధ్యలో కట్టిన ఫ్లైఓవర్ స్తంభాలు కనిపించగానే మా అమ్మాయి ప్రశ్నలు మొదలవుతాయి. మన పిల్లర్లు ఇంత లావుగా ఎందుకు లేవు, పైన బస్సు నిలబడితే విరగవా, ఆ ఇనుప కడ్డీలను బయటికి ఎందుకు వదిలేశారు అంటూ స్థలం చేరేదాకా అడుగుతూనే ఉంటుంది. ఎండ ముదరక ముందే తిరుగు ప్రయాణం. చిన్నవాడికి మధ్యాహ్నం ఒంటి గంటకు నిద్ర వేళ. మేస్త్రీతో మాట్లాడవలసింది ఎంత మిగిలినా ఆ వేళను జరపకుండా, మిగిలినది సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకుంటాము. స్లాబ్ పోసే రోజు మాత్రం పిల్లలను అసలు తీసుకువెళ్లలేదు. ఒక పక్క కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతూ, మరో పక్క కూలీలు వరుసగా తట్టలు అందిస్తూ ఉండే ఆ రోజున పిల్లలకు అక్కడ చోటు ఉండదు. "స్లాబ్ నాడు పిల్లల్ని తేకుండ్రి మేడమ్, మా కాళ్లల్ల పడ్తరు" అని మేస్త్రీ కూడా ముందే చెప్పాడు.

కట్టుబడి జరిగే చోట ఉండే ప్రమాదాలన్నిటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది సంపు, అంటే నేలలో తవ్వి కట్టే నీళ్ల తొట్టి. పై నుంచి పడతారని మెట్ల దగ్గర అందరూ జాగ్రత్తపడతారు. నేల మట్టానికి నోరు తెరుచుకుని, నిండా నీళ్లతో, పక్కనే ఇసుక కుప్పతో ఉండే సంపును మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. మన నగరంలో మూత లేని సంపుల్లో పడి పసిపిల్లలు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాము. నీళ్లలో మునుగుతున్న చిన్నపిల్లలు చాలాసార్లు కేకైనా వేయలేరు, నాలుగు అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు కూడా తెలియదు. అందుకే సంపు తవ్విన రోజే చుట్టూ రేకులు కట్టించి, దాని మీద స్లాబ్ పడగానే తాళం వేసుకునే ఇనుప మూత బిగించాము. ఇంటి గుమ్మానికి తలుపు రావడానికి ఎన్నో నెలల ముందే మా సంపుకు తాళం వచ్చింది. పైపుల పనికి వచ్చినవాళ్లు మూత తీసి అలాగే వదిలి వెళ్లడం మామూలు కాబట్టి, తాళం చెవి వాచ్‌మన్ భార్య దగ్గరే ఉండాలని, ఆమె చూస్తుండగానే తీసి, ఆమె చూస్తుండగానే వేయాలని నియమం పెట్టాము. ఇల్లు కట్టుకునే తల్లిదండ్రులు ఇందులో ఈ ఒక్క పేరా చదివి మిగతాది వదిలేసినా నాకు సంతోషమే.

మిగిలినవి ఇంతకన్నా తేలిక. తడి సిమెంటులో క్షారం ఉంటుంది, అది పిల్లల లేత చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి, తగిలిన వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి. స్లాబ్ గట్టిపడేదాకా కింద ఆసరాగా నిలిపే సెంట్రింగ్ విప్పాక, ఆ చెక్కలకు మేకులు ఉంటాయి కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేయాలి. తాత్కాలిక కరెంటు బోర్డు పెద్దవాళ్ల తల ఎత్తున ఉండాలి.

స్లాబ్ పడిన తరువాత పని కొంత నెమ్మదిస్తుంది. సెంట్రింగ్ విప్పడానికి మా మేస్త్రీ మూడు వారాలు ఆగమన్నాడు. ఆ రోజుల్లో స్లాబ్ గట్టిపడడానికి దాని మీద సిమెంటు మాలుతో చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు. మా ప్రయాణాలన్నీ ఇలాంటి విరామాల్లోనే పెట్టుకున్నాము. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి మా వైపు వాళ్లకు రైలు దగ్గరైంది. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు, విడిగా బెర్తూ ఉండదు. 5 నుంచి 12 ఏళ్ల లోపు వాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణానికి సగం టికెట్టుతో సరిపెట్టుకోవాలని చూడకండి. అమ్మాయికి పూర్తి టికెట్టు తీసుకుని, చిన్నవాణ్ని కింది బెర్తులో గోడ వైపు పడుకోబెట్టుకుంటే ఇద్దరూ తెల్లవారేదాకా నిద్రపోతారు, అమ్మమ్మ ఇంటికి చిరాకు పడకుండా చేరతారు.

ఆ విరామాల్లోనే ఒకసారి పాలంపేట వెళ్లాము. మా స్థలం వరంగల్ రహదారి వైపే ఉండడం వల్ల అక్కడి రామప్ప గుడి ఎప్పటి నుంచో మనసులో ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లలకు ఆ వివరాలు పట్టలేదు. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేటంత తేలికైనవని, పునాది కింద ఇసుక నింపారని చెప్పగానే మాత్రం మా అమ్మాయి నిలబడిపోయింది. మన ఇటుకలు తేలుతాయా అని అక్కడే అడిగింది. తరువాతి శనివారం సైటులో దిగీదిగగానే మేస్త్రీ దగ్గరికి పరుగెత్తి అదే ప్రశ్న వేసింది. ఆయన పని ఆపి, గోడ కట్టే ముందు ఇటుకలను నానబెట్టే డ్రమ్ము దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లి, ఒక ఎర్ర ఇటుకను మెల్లగా నీళ్లలోకి వదిలాడు. అది బుడబుడమని బుడగలు వదులుతూ అడుగుకు చేరింది. ఇటుక ముందుగా నీళ్లు తాగకపోతే సిమెంటులోని నీళ్లను తాగేస్తుందని, అప్పుడు గోడ గట్టిగా పట్టదని ఆయన ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పాడు. చదువు చెప్పడం వృత్తి అయినవాళ్లలో కూడా అంత ఓపిక అరుదుగా చూశాను.

ఆ రోజు డ్రమ్ము చుట్టూ నిలబడ్డవాళ్లలో మా పిల్లలు ఇద్దరే కాదు, ఇంకో ఇద్దరు ఉన్నారు. పసిపిల్లలతో ఊళ్లు తిరుగుతూ ఇళ్లు కట్టే కుటుంబం మా స్థలంలో బోరు వేసిన నాటి నుంచీ ఒకటి ఉంది. వాచ్‌మన్, అతని భార్య, ఏడేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు, ఇంకా పాలు మానని చంటివాడు. వాళ్లది పాలమూరు వైపు ఊరు. ఆ జిల్లా మనుషులు తరతరాలుగా దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు తమ రెక్కలు ధారపోసినవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్ అంచుల్లో లేస్తున్న కాలనీల్లో సగం కట్టిన ఇంటి ముందల్లా ఇలాంటి ఒక కుటుంబం రేకుల షెడ్డులో కాపురం ఉంటోంది. మా స్లాబ్‌కు పొద్దున, సాయంత్రం నీళ్లు పట్టింది ఆ తల్లే. చంటివాణ్ని చంకన ఎత్తుకుని, రెండో చేత్తో పైపు పట్టుకుని, గట్ల మధ్య నీళ్లు ఇంకిన గడులను వెతికి వెతికి నింపేది. మేము రాజమండ్రిలో ఉన్న రోజుల్లో మా ఇంటి గట్టిదనం ఆమె చేతిలో ఉంది.

చంటివాడికి ఆమె చీర ఊయల కట్టింది సెంట్రింగ్ కర్రలకు. నీడ అక్కడే ఉంది మరి. పచ్చి స్లాబ్ బరువంతా మోసే కర్రల మధ్య పసివాడు ఊగుతుంటే చూడలేక, మేస్త్రీతో మాట్లాడి ప్రహరీ పక్కనున్న వేప కొమ్మకు ఊయల మార్పించి, పైన పాత ఫ్లెక్సీతో పందిరి వేయించాము. గంటలో అయిపోయిన పని. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, 50 మందికి మించి మహిళా కార్మికులు పనిచేసే చోట వాళ్ల ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని చెప్పింది. 200 గజాల ఇంటికి అది వర్తించదు. అలాంటప్పుడు ఆ బాధ్యత ఇల్లు కట్టించుకునేవారిదే అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. మన పిల్లలు వారానికి రెండు పూటలు గడిపే చోట వాళ్ల పిల్లలు రాత్రింబవళ్లు ఉంటారు.

బడి సంగతి అడిగితే ఆమె అన్న మాట ఇది: "ఏడాదికి రెండు మూడు సైట్లు మారుతం మేడమ్. పేరు రాయించుడు, మల్ల లేసుడు. అందుకే ఏడ రాయిస్తలేం." దగ్గరలోనే అంగన్‌వాడీ కేంద్రం ఉంది. నాలుగేళ్ల పాపను తీసుకుని నేనూ ఆమె వెళ్లి అడిగితే అక్కడి టీచర్ అదే రోజు పేరు రాసుకున్నారు. ఆటపాటలు, మధ్యాహ్న భోజనం, గుడ్డు పాపకు అందుతున్నాయి. చంటివాడికి ఏడో నెల నిండగానే నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి, 16 గుడ్లు వస్తున్నాయి. టీకాల కార్డు ఊళ్లో ఇచ్చినదే అయినా ఇక్కడ టీకాలు వేస్తారని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ల కొడుకు విషయంలో మాత్రం కొంత తిరగవలసి వచ్చింది. ఒక బడిలో టీసీ లేనిదే చేర్చుకోమన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ ఆ వయసు పిల్లలకు చేరికను నిరాకరించకూడదు. ఈ మాట మర్యాదగా చెప్పగలిగిన పెద్దమనిషి ఒకరు వెంట ఉంటే చాలు. మా వారు ఒక పూట సెలవు పెట్టి వెళ్లారు, వాడు ఇంకో బడిలో చేరాడు.

ఇంకొక పని కూడా యజమానుల చేతిలోనే ఉంది. సొంత ఇళ్లలో కొన్నిటికి మినహాయింపు ఉన్నా, నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మిక సంక్షేమం కోసం సెస్సుగా కట్టాలనే నియమం ఉంది. ఆ నిధి నుంచి సాయం అందాలంటే కార్మికులు సంక్షేమ మండలిలో సభ్యులై ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసినవాళ్లు దానికి అర్హులు. ఆ 90 రోజుల పనికి ధ్రువీకరణ కావాలి. మేము భార్యాభర్తలిద్దరి పేరిటా రాసి సంతకం చేసి ఇచ్చాము. అతని పేరు ఒక్కటే రాస్తే చాలదు. స్లాబ్‌కు నీళ్లు పట్టింది, ఇటుకలు మోసింది, ఇసుక జల్లించింది ఆమె కూడా.

పిల్లలు మాత్రం మాకన్నా ముందే కలిసిపోయారు. గడప నిలబెట్టిన రోజు పసుపు గుడ్డలో నవధాన్యాలు కట్టే ముందు పెద్ద పిల్లలు నలుగురూ తలా ఒక గుప్పెడు వేశారు. మా అమ్మాయీ వాచ్‌మన్ కొడుకూ విరిగిన టైలు ముక్కలతో, ఇటుక పెళ్లలతో ఇసుకలో కట్టుకున్న ఇంట్లో అన్నిటికన్నా ముందు లేచింది సంపు, దాని మీద టైలు ముక్క మూత. మిగతా గదులు ఆ తరువాతే వచ్చాయి.

ఇప్పుడు లోపలి ప్లాస్టరింగ్ నడుస్తోంది. మాఘంలో గృహప్రవేశం అనుకుంటున్నాము. జూన్‌లో మా అమ్మాయి బడి తార్నాక నుంచి ఇటు మారుతుంది. మా పని అయ్యాక వాచ్‌మన్ కుటుంబం ఎటు వెళ్లాలన్న ప్రశ్న ముందే వచ్చింది. రెండు వీధుల అవతల స్థలం కొన్న ఒక దంపతులు ఇల్లు మొదలుపెడుతున్నారని తెలిసి, మేమే వెళ్లి మాట్లాడాము. వాళ్లూ ఒప్పుకున్నారు. కాబట్టి కొడుకు బడీ, పాప అంగన్‌వాడీ మారవు. షెడ్డును నీడ ఉన్న వైపు వేయించమని, సంపు మూతను తవ్వకానికి ముందే చేయించి పెట్టుకోమని చెప్పి, మాకు మూత చేసిచ్చిన వెల్డింగ్ షాపుకు దారి చెప్పి వచ్చాము. వాళ్లు వచ్చే నెల ముగ్గు పోయిస్తారు.